తాడు పట్టిన చెయ్యి

జాగిలం దొంగను పట్టించిందని పేపర్లో చదువుతాం. వెనకాల తాడు పట్టుకుని పరుగెత్తిన హ్యాండ్లర్ పేరు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. నాకు ఆ మనిషి మీద ఎంతో గౌరవం.

ఎండాకాలంలో అతని పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండ ముదిరితే నేల మీది వాసన పలచబడుతుంది, కుక్క రొప్పడంతో ముక్కుకు పని తగ్గుతుంది. శిక్షణలో ఒకరు గడ్డిలో నడిచి వెళ్లి, చివర చేతిరుమాలో తోలు ముక్కో వదిలేస్తారు. కాసేపాగి కుక్కను పొడవాటి తాడుతో వదులుతారు. అది ముక్కు నేలకు ఆన్చి వెళ్తూ, మలుపు దగ్గర తడబడి, వెనక్కొచ్చి మళ్లీ జాడ అందుకుంటుంది. ఆ తడబాటులో తాడు లాగకుండా ఊరుకోవడమే అసలు విద్య. దారి తెలిసినవాడు నోరు మెదపకుండా నిలబడటం ఎంత కష్టమో!

ఏమీ కలిసిరాని రోజున మంచి హ్యాండ్లర్ తేలికైన చిన్న దారి వేసి, కుక్క గెలిచాక బంతి ఇచ్చి, అక్కడితో ఆపేస్తాడు. 2001 సెప్టెంబరులో కూలిన న్యూయార్క్ జంట టవర్ల శిథిలాల్లో బతికున్నవాళ్లు దొరక్క కుక్కలు డీలాపడితే, మనుషులే దాక్కుని వాటికి దొరికేవారు. తమ గుండె బరువెక్కి ఉన్నా వాటిని మెచ్చుకునేవారు.

2025 ఫిబ్రవరిలో తెలంగాణలోని ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఆ తర్వాత కేరళ పోలీసు జాగిలాలు వచ్చి బురదలో జాడ వెతికాయి. దాదాపు 14 కిలోమీటర్ల లోపల, ఊట నీటిలో వాటితో నడిచినవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను.