‘జెంట్రిఫికేషన్’ పదము : తెలుఁగుసేత

రూత్ గ్లాస్ అను విదుషి, 1964వ సంవత్సరమున వెలువడిన ‘లండన్: ఆస్పెక్ట్స్ ఆఫ్ చేంజ్’ అను సంపుటమునకు వ్రాసిన యుపోద్ఘాతమున ‘జెంట్రిఫికేషన్’ అను పదమును బుట్టించెను. ఇస్లింగ్టన్, ప్యాడింగ్టన్ మొదలగు పేటలలోఁ గార్మికులుండిన చిన్నయిండ్లను, కౌలుగడువులు తీరఁగనే మధ్యమవర్గమువారు కైకొని, బాగుచేయించి, మిక్కిలి వెలగల నివాసములుగా మార్చుట దీని యర్థము. పూర్వపుఁ గాపురస్థులలో నందఱో పెక్కండ్రో తొలఁగువఱకు నిది యాఁగదని యామె నిర్వచనము.

జెంట్రి యనఁగా నింగ్లండునఁ బ్రభువులకుఁ గ్రిందిదియు సామాన్యులకు మీఁదిదియు నగు భూస్వామివర్గము. ఆ యిండ్లఁ జేరినవా రట్టి భూస్వాములు గారు. వారి కాపేరు తగిలించుటలో నెత్తిపొడుపు గలదు. పదమునకు బలము నదియే. ఇల్లు మాఱెననుటతో నిలువక, మార్చినవా రెవరో యది చెప్పుచున్నది. ‘పునరుజ్జీవనము’ వంటి మాటలలో నీ కర్త లోపించును. మృతమైన పేట బ్రదికెనను నర్థము వచ్చును. అందుఁ గాపురమున్నవారు మృతులు గారు గదా!

అయినను లోప మొకటి కలదు. పదము వచ్చినవారినే చెప్పును; పోయినవారిని జెప్పదు. వారు పోవుటకుఁ జట్టమే త్రోవ తీసినది. 1957 నాఁటి అద్దెల చట్టము వలనఁ గాపురస్థుఁడు వెడలినంతనే యింటికిఁ బాత యద్దెకట్టడి తొలఁగెను. యజమానికిఁ గాపురమున్న యింటికంటె ఖాళీయిల్లే లాభకరమయ్యెను. 1965 నాఁటి చట్టము కాపురస్థులకు మరల రక్షణము గల్పించినది.

తెలుఁగున దీనిని ‘సుందరీకరణము’ అనుట గోడలను మాత్రమే చూచుట. ‘కులీనీకరణము’ పదమూలమునకు సరిపోవును, ఏలయన జెంట్రి శబ్దమున సద్వంశజన్మార్థము గలదు. కాని ధనము చేసిన పనిని జన్మమున కంటఁగట్టును. ‘ధనికాక్రమణము’ అనినచో గ్లాసు ఉద్దేశించిన దండయాత్రాభావము నిలుచును. ఆక్రమణ మనునది తెలుఁగు పురపాలక వ్యవహారమునఁ దఱచుగాఁ బేదల గుడిసెలకుఁ దగులు మాట యనియు, చట్టసమ్మతమైన క్రయమున కది చెల్లదనియు నాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపమే యీ పదమునకు సమర్థనము. పత్రములు సక్రమముగా నుండియుఁ గాపురము పోవుటయే యిచ్చటి విషయము. పోయినవారు మఱపునఁ బడకుండుటకై, పాఠ్యగ్రంథములందుఁ దొలిప్రయోగముననైన ‘ధనికాక్రమణము, తన్మూలక నిర్వాసము’ అని పూర్తిగా వ్రాయుట యుచితము.