పతకం సరే, పని ఏదీ?

భారత వైమానిక దళంలో మొదటి మహిళా ఎయిర్ మార్షల్ ఎవరు? కౌడిపల్లిలో పోటీ పరీక్షలకి చదివే ఆడపిల్లలకైనా, కర్నూలులో చదివేవాళ్లకైనా ఇది ఒక్క మార్కు ప్రశ్న. జవాబు పద్మా బందోపాధ్యాయ. పుట్టింది తిరుపతి అని తెలిస్తే మనవాళ్లమ్మాయే అని మనం కాస్త గర్వపడతాం కూడా. ఈ గర్వంతో నాకు పేచీ లేదు. కానీ ఒక స్త్రీ యుద్ధకాలంలో చేసిన పని గురించి మనకి తెలిసింది ఇంతేనా అన్నదే నా ప్రశ్న.

1944లో తిరుపతిలో ఒక తమిళ కుటుంబంలో పుట్టి ఢిల్లీలో పెరిగిన పద్మావతి, 1963లో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చేరారు. 1968లో వైమానిక దళంలో వైద్యాధికారి అయ్యారు. 1971 యుద్ధంలో పంజాబులోని హల్వారా స్థావరంలో పనిచేశారు. ఆ సేవకి విశిష్ట సేవా పతకం వచ్చింది. 2004లో ఎయిర్ మార్షల్ అయ్యారు. 2020లో పద్మశ్రీ వచ్చింది. తన జ్ఞాపకాలను ఆమె ఇంగ్లీషులో పుస్తకంగా రాసుకున్నారు. నేనిక్కడ మాట్లాడుతున్నది ఆ పుస్తకం గురించి కాదు. ఆమె గురించి పత్రికలూ, స్ఫూర్తి కథల సంకలనాలూ పదే పదే చెప్పే జీవిత కథ గురించి.

ఆ కథలో 1971కి దక్కే చోటు ఒకటి రెండు వాక్యాలు. ఆ వాక్యాల్లోనూ ఎక్కువగా వినిపించేది, ఆమే, వైమానిక దళంలోనే అధికారి అయిన ఆమె భర్తా ఒకే ప్రదానోత్సవంలో పతకాలు అందుకున్న తొలి దంపతులన్న సంగతి. ఇది నిజమే, ముచ్చటైన సంగతే. కానీ యుద్ధం కాస్తా దాంపత్య విశేషంగా ఎలా మారిపోయిందో చూడండి. 1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ దాడి మొదలుపెట్టింది మన విమాన స్థావరాల మీదే. యుద్ధం డిసెంబర్ 16 దాకా సాగింది. అలాంటప్పుడు స్థావరంలోని డాక్టరు యుద్ధానికి ఎక్కడో వెనకాల ఉన్నట్టు కాదు. శత్రువు గురిపెట్టిన చోటే ఉన్నట్టు. అక్కడ ఎన్ని మంచాలున్నాయి, రక్తం ఎలా సమకూర్చుకున్నారు, దీపాలు ఆర్పేసిన రాత్రుల్లో వైద్యం ఎలా చేశారు, ఎవరికి ముందు చికిత్స చెయ్యాలో ఎవరు నిర్ణయించారు? ఈ కథలు రాసేవాళ్లకి ఈ ప్రశ్నలు తోచవు.

దీనికి భిన్నంగా బాల్యం మాత్రం వివరంగా వస్తుంది. వెన్నెముక క్షయతో మంచం పట్టిన తల్లి, ఆమెకి సాయంగా నిలిచిన చిన్నపిల్ల, పొరుగున ఉంటూ ఆదర్శంగా నిలిచిన హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్. పద్మావతి. తల్లి మంచం దగ్గరున్న కూతురిని మన కథకులు సులువుగా చూడగలరు. ఆ దృశ్యం మనకి అలవాటే. త్యాగం, కరుణ, సేవ అన్న మాటలు అక్కడ సిద్ధంగా ఉంటాయి. అదే స్త్రీ బాంబుల భయం మధ్య నిర్ణయాలు తీసుకుంటుంటే మాత్రం భాష చాలదు. సంరక్షణని స్వభావంగా చూసే పితృస్వామ్య దృష్టికి అది నేర్చుకున్న నైపుణ్యంగా, అధికారంగా కనబడదు.

పతకం పేరులోనే 'సేవ' ఉంది. నిజమే, అది స్త్రీలకి ప్రత్యేకించిన పతకం కాదు. ఆమె భర్తకీ అదే వచ్చింది. వైద్యుల శౌర్యాన్ని సైన్యం గుర్తించలేదనీ అనలేం. కొరియా యుద్ధంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌కి నాయకత్వం వహించి, 1951 మార్చిలో దళాలతోపాటు పారాచూట్ మీద దిగిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్‌కి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన గురించి చెప్పేటప్పుడు ఎక్కడ దిగాడు, ఏం చేశాడు అని చెబుతారు. తేడా పతకాల్లో కన్నా మనం కథ చెప్పే తీరులో ఉంది. మగవాడికి 'ఏం చేశాడు' అన్నది కథ. ఆడదానికి 'ఎన్నో మొదటి మహిళ' అన్నది కథ.

ఇక్కడ మనకి గుర్తు రావాల్సింది స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటల్లోనే వాళ్ల జీవితాలని రికార్డు చేసిన పుస్తకమది. వాళ్లలో చాలామందికి ఏ పతకమూ రాలేదు. 1951లో పోరాటం విరమించాక ఇంటికి పొమ్మంటే పోయినవాళ్లున్నారు. అయినా వాళ్లు చేసిన పని అందులో ఉంది. వాళ్ల భయం, కోపం, పార్టీ మీద ఫిర్యాదు కూడా ఉన్నాయి. అక్కడ పతకం లేదు, పని కథ ఉంది. ఇక్కడ పతకం ఉంది, పని కథ లేదు. ఆ పుస్తకం మనకి నేర్పిన అడిగే పద్ధతిని బిరుదులున్న స్త్రీల విషయంలో ఎందుకో పక్కన పెట్టేశాం.

సైన్యంలోని స్త్రీని గౌరవించడమంటే యుద్ధాన్ని కీర్తించడమే కదా అని మనలో కొందరికి అనిపించవచ్చు. ఆ అనుమానం అవసరమే. అయితే దానికి జవాబు మౌనం కాదు, వివరం. యుద్ధంలో వైద్యురాలి స్థానం చిక్కులతో కూడింది. 1949 జెనీవా ఒప్పందాల ప్రకారం గాయపడినవాడు శత్రువైనా వైద్యం చెయ్యాలి. మరోపక్క ఆమె బాగుచేసిన సైనికుడు మళ్లీ యుద్ధానికే వెళతాడు. ప్రాణం పోసే చెయ్యి యుద్ధాన్ని నడిపించే యంత్రంలో ఒక భాగం. ఈ వైరుధ్యాన్ని స్ఫూర్తి కథలు దాటేస్తాయి. స్త్రీవాద విమర్శ మాత్రం దాటెయ్యకూడదు.

పద్మా బందోపాధ్యాయ ఎంచుకున్న శాఖ విమానయాన వైద్యం. ఎవరి శరీరం ఆకాశానికి తగినదో తేల్చే శాస్త్రమది. ఆ తీర్పు చెప్పే చోట ఒక స్త్రీ కూర్చోవడం మామూలు మార్పు కాదు. కౌడిపల్లి నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాదు వైపు వెళ్తే వచ్చే దుండిగల్‌లో, 2016 జూన్‌లో ముగ్గురు అమ్మాయిలు మొదటిసారిగా యుద్ధవిమాన పైలట్లయ్యారు. ఆ రోజూ పత్రికల్లో 'మొదటి' అన్న మాటే మోగింది.

మొదటివాళ్ల జాబితా ఎంత పెరిగినా చరిత్ర అవదు. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా పనిచేసి రిటైరైన స్త్రీలు మన ఊళ్లలోనే ఉన్నారు. 1971 నాటివాళ్లు ఎనభైకి దగ్గరపడ్డారు. పతకం ఎప్పుడొచ్చిందని కాదు, ఆ రోజు డ్యూటీ ఎన్ని గంటలకు ఎక్కారో అడిగి రాసుకుందాం.