'విశ్వాస ప్రమాణము': ఒక పరిశీలన

క్రైస్తవ సిద్ధాంతాన్ని విమర్శించే ముస్లిం రచయితలు తరచు 325 నాటి నైసియా సభతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ సభ పేరిట వచ్చిన సూత్రం నేటికీ దక్షిణ ఇండియా సంఘ ఆరాధనలో పలికే మాట. దాని తెలుగు పేరు 'విశ్వాస ప్రమాణము'. ప్రమాణమంటే కొలబద్ద, ఒట్టు కూడా. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు ఏకమైనప్పుడు ఈ ప్రమాణాలను అంగీకరిస్తూనే, వ్యాఖ్యానంలో తగుమాత్రం స్వేచ్ఛ ఉంచాయి. కొలబద్ద కొంత సడలింది, ఒట్టు సడలలేదు.

త్రిత్వం తౌహీద్‌కు విరుద్ధమన్న తీర్పులో మార్పు లేదు. అయితే అపొస్తలుల ప్రమాణం మూలరూపం బాప్తిస్మపు ప్రశ్నల నుంచి పుట్టినది. (షహాదత్‌ను కేవలం తర్కవాక్యంగా చదివే పరాయి విమర్శకుడిదీ ఇదే పొరపాటు.) కొలబద్దను మాత్రమే ఖండించిన గ్రంథం, బిడ్డను ఎత్తుకొని ఆ మాటలు పలికే తల్లి దాకా వెళ్లనే లేదు.