గుసగుసకో వరుస

పోయిన ఆదివారం కూచిపూడి భామాకలాపం చూడ్డానికి వెళ్లాను. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని వేదిక మీదికి వచ్చారో లేదో, నా ముందు వరుసలో గుసగుస మొదలైంది. ఒక తండ్రి, పక్కన రెండు జడల పిల్ల. ఏడేళ్లుంటాయేమో. పిల్ల ఏదో అడుగుతుంది, ఆయన ఒంగి చెవిలో చెబుతాడు. నిమిషం తిరక్కుండా మళ్లీ ప్రశ్న, మళ్లీ ఒంగడం.

ఈ కాలమ్ మొదటినుంచీ చదివేవాళ్లకి నా పట్టింపులు తెలుసు. నాట్యం జరిగేచోట ఫోను వెలగకూడదు. అంశానికీ అంశానికీ మధ్య శాలువాలు కప్పకూడదు. ప్రేక్షకుల్లో మాట వినపడకూడదు. ఈ మూడోదాని గురించి ఎన్నిసార్లు రాశానో! నట్టువాంగం చేసేవారి చేతిలో తాళం ఎక్కడ తేలిగ్గా తాకింది, ఎక్కడ గట్టిగా పడింది అన్నది వినపడకపోతే పాదం ఎందుకలా పడిందో మనకి తెలీదు. అందుకే ఆ తండ్రి భుజం తట్టి చెప్పాలని చెయ్యి చాచాను.

అప్పటికి వేదిక మీద చెలికత్తె మాధవి సత్యభామని నిలదీస్తోంది. నీ మొగుడి పేరేమిటో చెబితే కదా వెళ్లి తీసుకొచ్చేదీ అంటోంది. భామకి సిగ్గు. పేరు పెదవి దాకా వస్తుంది, వెనక్కి పోతుంది. సైగ చేస్తుంది, కొంగు చాటు చేసుకుంటుంది, సగం చెప్పి ఆగుతుంది. అంత గర్విష్ఠి మనిషి ఒక్క పేరు దగ్గర అలా తడబడుతుంటే చూడ్డం ఎన్నిసార్లయినా నాకు తనివి తీరదు.

పిల్ల అడిగింది: "పేరు చెప్పడానికేం నాన్నా? అమ్మ నిన్ను పేరు పెట్టే పిలుస్తుందిగా?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

1970లో నాకు ఎనిమిదేళ్లు. పామర్రు దగ్గర పల్లెటూరు మాది. నాన్న బడిపంతులు. కూచిపూడిలో రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర భామాకలాపం ఉందని తెలిస్తే సైకిలు తీసేవాడు. వెనక క్యారేజీ మీద తుండు మడిచి వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. ఆ ఏడాదే వేదాంతం సత్యనారాయణ శర్మగారికి పద్మశ్రీ వచ్చింది. సత్యభామ అంటే ఆయనే అని మా వైపు ఆడవాళ్లు చెప్పుకునేవారు. ఆయన నడక చూసి పెళ్లికూతుళ్లు నడక నేర్చుకోవాలనేవారు.

ఆట మొదలయ్యేసరికి రాత్రి పదయ్యేది. నాన్న చాప మీద నన్ను ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గరికి వంగి, ఆపకుండా చెప్పేవాడు. తన చిన్నతనంలో కరెంటు లేదనీ, దివిటీలు పట్టుకునేవారనీ, ముఖ్యమైన పాత్ర వచ్చేటప్పుడు వాటిమీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేదనీ. "చూడు, ఇప్పుడు తెర మీంచి జడ పడుతుంది." పడేది! సూర్యుడు, చంద్రుడు, నాగరం, కింద కుచ్చులు. "అది సవాలమ్మా. విద్యలో నన్ను మించినవాళ్లుంటే వచ్చి ఈ జడ కోసుకుపొండి అని." ఆ మాట విన్నాక నా జడ ముందుకు లాక్కుని గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని.

అలాంటి ఒక రాత్రే, సత్యభామ వేషంలో ఉన్నది మగవాడని నాన్న చెప్పాడు. నేను నమ్మలేదు. ఈ ఊళ్లో పుట్టిన మగపిల్లవాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని, భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి పెట్టిన నియమం అన్నాడు. "మరి ఆడపిల్లలు?" అన్నాను. నాన్న జవాబు చెప్పకుండా వేదిక వైపు చూపించాడు. మాధవి పేరు అడుగుతోంది. నాకు అర్థం కాలేదు, పేరు చెప్పడానికేం అన్నాను. నాన్న నవ్వి, "మీ అమ్మ నా పేరు పలుకుతుందా? మొన్న రేషను కార్డు రాసేవాడు అడిగితే నిన్ను ముందుకు తోసి చెప్పించలా?" అన్నాడు.

అంతే, మొత్తం అర్థమైపోయింది. వేదిక మీద తిరుగుతున్నది ద్వారకలో రాణి కాదు, మా అమ్మ. ఆ సిగ్గులో ఎంత ఇష్టం ఉందో, ఎంత బెట్టు ఉందో ఎనిమిదేళ్ల దాన్నయినా నాకు తెలుసు, రోజూ ఇంట్లో చూస్తున్నదేగా.

తెల్లవారుజామున తిరిగొస్తూ, నేనూ నేర్చుకుంటానన్నాను. సైకిలు గొలుసు చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఇంటికి వచ్చాక అమ్మతో అంటుంటే విన్నాను, "మనకొద్దులే" అని. అప్పటికే వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఏడేళ్లు. ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు, వేదికలెక్కుతున్నారు. ఆ సంగతి నాన్నకి తెలుసు, పేపరు చదివేవాడు. అయినా కాదన్నాడు. అది తప్పు. ఇప్పటికీ తప్పనే అంటాను. కానీ నన్ను తీసుకెళ్లడం మాత్రం మానలేదు. నా పెళ్లయ్యేదాకా ఎక్కడ ఆట ఉన్నా ఇద్దరం వెళ్లేవాళ్లం, ఇద్దరం గుసగుసలాడుకునేవాళ్లం. పదహారేళ్లు వచ్చేసరికి నేనే ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను.

ఈ కోపం వల్లే కాబోలు, ఇన్నేళ్లుగా ప్రతి ఆడపిల్లకీ నాట్యం నేర్పించండి అని ఈ కాలమ్‌లో పోరుతూ వచ్చాను. నేర్పిస్తున్నారు కూడా. ఆదివారం నాడు భామాకలాపానికి ముందు పిల్లల జతిస్వరం, తరంగం ఉన్నాయి. తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడి పదేళ్ల పిల్ల కదులుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. తరంగం అవగానే వేషం కూడా తీయకుండా పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలకి కుటుంబాలే లేచి వెళ్లిపోయాయి. సత్యభామ వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. తను నేర్చుకుంటున్న విద్యలో పెద్దవాళ్లు ఏం చేస్తారో చూడకుండానే ఆ పళ్లెం మీది పిల్ల ఇంటికి వెళ్లిపోయింది.

ఈ తండ్రీ కూతురూ ఉండిపోయారు. మెట్లు దిగుతుంటే పలకరించాను. పాప ఎవరి దగ్గర నేర్చుకుంటోందని అడిగాను. "నేర్చుకోవట్లేదండీ, దీనికి ఈతంటే ఇష్టం. చూస్తానంటే తీసుకొచ్చాను" అన్నాడు. పిల్ల మధ్యలో అందుకుంది: "నానమ్మ కూడా తాతయ్య పేరు చెప్పదట. రేపు అడుగుతా." తండ్రి చెవిలో చెప్పిన జవాబు అదన్నమాట.

దారి పొడుగునా ఆ మాటే ఆలోచించాను. మొగుడి పేరు పలకని ఆనవాయితీ పోయింది, పోవలసిందే. కానీ ఆ ఆనవాయితీ తెలియని పిల్లకి భామ సిగ్గు వట్టి కాలయాపన. వ్యాఖ్యాత మైకులో కథ చెబితే చాలదు, కరపత్రంలో అచ్చేస్తే చాలదు. ఆ పిల్ల ఇంట్లో నానమ్మ ఉందని తెలిసినవాళ్లే, సరిగ్గా ఆ క్షణంలో, ఆ చెవిలోనే చెప్పాలి. ఆడేవాళ్లకి గురువులున్నారు. చూసేవాళ్లకి నేర్పేది ఇలాంటి నాన్నలూ అమ్మలూ, మాలాంటి కుటుంబాల్లో చాప మీద జరిగిన ఆ చదువూ. నేనేమో హాల్లో నోరెత్తవద్దని రాస్తూ దానికే అడ్డం పడ్డాను. నా మూడో పట్టింపు ఇవాళ్టితో వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్ల గురించీ శాలువాల గురించీ మాత్రం మార్పు లేదు.

నాట్యసభల నిర్వాహకులకు ఒక విన్నపం. మొదటి వరుస సోఫాలు ముఖ్య అతిథులకి అట్టిపెడుతున్నారు. ఆదివారం కూడా వాళ్లు సన్మానాలు అవగానే వెళ్లిపోయారు, మాధవి పేరు అడిగే వేళకి ఆ సోఫాల్లో ఒక్కరూ లేరు. ఆ వరుసని పదేళ్లలోపు పిల్లలకి, పక్కన ఒక పెద్దతోడుకి ఇవ్వండి. అక్కడ మాట్లాడుకోవచ్చని ముందే ప్రకటించండి. మిగతా అందరం వెనక కూర్చుంటాం.