గోళీకి బొడ్డు వెతికేవాళ్లు

పాత గాజుగోళీలను ఆనవాలు పట్టేవాళ్లు ముందు రంగు చూడరు. వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ గరుకు మచ్చ కోసం వెతుకుతారు. జర్మనీలోని లౌషాలో పంతొమ్మిదో శతాబ్దపు పనివాళ్లు రంగుగీతలు పొదిగిన వేడి గాజుకడ్డీని మెలిపెట్టి, కొసను ప్రత్యేకమైన కత్తెరలో గుండ్రంగా తిప్పి తెంపేవారు. తెగిన చోటు బొడ్డులా మిగిలిపోయేది. లోపలి గీతలు ఈ బొడ్డు నుంచి ఎదుటి బొడ్డు దాకా మెలికలు తిరిగాయంటే, అది చాలామటుకు చేతిపనే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ఆక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్సెన్ గోళీల యంత్రానికి 1905లో పేటెంట్ వచ్చింది. నిపుణుల కంటికి అసలు పరీక్ష ఇక్కడే. ఆ తొలి గోళీలకు గాజును చేత్తోనే తీసి యంత్రంలో వేసేవారు. అందుకే కొన్నిటి మీద 9 అంకెలాంటి సుడి, వెనకవైపు చిన్న తోక కనిపిస్తాయి. అది చూసి పోల్చగలగడం నా దృష్టిలో స్వరజ్ఞానమంత గొప్ప విద్య.

పెచ్చులు లేచాయని కొందరు మెరుగు పెట్టిస్తారు. పాపం, మచ్చతోపాటు ధరా అరిగిపోతుంది. అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలిగితే గాజులో యురేనియం ఉండొచ్చు. గోళీ వయసు మాత్రం ఆ వెలుగు చెప్పదు.