బిందెల గద్దె

నల్లగొండలో ఇల్లు రిజిస్ట్రేషనైన మూడో నాడు, మాడ్యులర్ కిచెన్ చేసిచ్చే పిల్లగాడొకడు మా అద్దె ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. రాబోయే వంటింటిని అందులో గిర్రున తిప్పి చూపించాడు. సొరుగులు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. మూలకున్న గిన్నెలు అరతో పాటే తిరిగొచ్చి చేతికందుతున్నాయి. మా అమ్మ కళ్లద్దాలు సవరించుకుని అంతా చూసింది.

"మంచిగనే ఉంది గని, నీళ్లేడ పెడ్తరు బిడ్డా?"

పిల్లగాడు సింకు మీద మెరుస్తున్న నల్లాను చూపించాడు.

"అది నల్లా. నేనడిగేది నీళ్లు ఏడ పెడ్తరని."

అతను నా మొఖం చూశాడు, నేను మా ఆవిడ మొఖం చూశాను. ఆమె నవ్వు ఆపుకుంటూ చాయ్ పెట్టే నెపంతో లోపలికి పోయింది.

బ్యాంకోళ్లు ఇంటికి అప్పిస్తారు గానీ ఇంట్లోకి ఇవ్వరు. 20 ఏళ్ల కిస్తీలకు సంతకాలు పెట్టి వచ్చాక, మిగిలిన పైసల్లోనే సోఫా నుంచి పొరక దాకా అమర్చుకోవాలి. మా ఆవిడ స్కూలు నోటుబుక్కులో రాసిన జాబితా నాలుగు పేజీలొచ్చింది. సోఫా మొదటి పేజీలోనే ఉంది. నీళ్ల సామాను ఏ పేజీలోనూ లేదు. లేదన్న సంగతి అమ్మ అడిగేదాకా నాకూ తట్టలేదు.

మా నాయనమ్మ ఇంట్లో కుర్చీ ఒక్కటే. ఎవరన్నా పెద్దమనిషి వస్తేనే అది అర్రలోంచి బయటికొచ్చేది. నీళ్ల సామానుకు మాత్రం కొదవ లేదు. వాకిట్లో గోలెం, స్నానాల కాడ మసిబారిన కాగు, దర్వాజ పక్కన ఇసుక మీద కూచోబెట్టిన రంజన్, వంటింట్లో గద్దె మీద వరుసగా ఇత్తడి బిందెలు, వాటి మీద బోర్లించిన చెంబులు. ఆ ఇంట్లో ఫర్నిచర్ అని చెప్పుకోదగ్గదంతా నీళ్లదే. మనుషులం నేల మీద కూచునేవాళ్లం, నీళ్లు గద్దెనెక్కేవి.

మా నేల అటువంటిది. కింద గ్రానైటు; దాని పగుళ్లలో ఊరే నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని లెక్క. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో బోర్లు ఆ లెక్క ఎప్పుడో దాటేశాయి. మరగబెడితే పోయే జబ్బూ కాదది. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది. అందుకే మా ఇళ్లల్లో తాగే నీళ్లు వేరు, వాడుకునే నీళ్లు వేరు, రెంటికీ బిందెలు వేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఒక ఉపాయం కనిపెట్టి దానికి మా ఊరి పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపడం, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి పైనున్న తేటను తీసుకోవడం. అది టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా పోయింది. ఒక్కో ఊరి పేరు మిఠాయి మీదనో చీర మీదనో లోకం తిరుగుతుంది. మాది తేట నీళ్ల బకెట్టు పట్టుకుని తిరిగింది.

ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నాయి, కాదనను. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఈ ఫ్లోరైడ్ సీమలోనే, చౌటుప్పల్‌లో నిలబెట్టారు. అయినా అమ్మ లెక్క అమ్మదే. "నల్లా ఒస్తది, పోతది. బిందె ఏడికి పోతది?"

పిల్లగాడి బొమ్మ నచ్చక, అందరూ పోతున్నారు గదా అని మేమూ హైదరాబాద్ పోయి ఐకియా చూశాం. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో తెరిచిన ఆ దుకాణం ఐకియాకు మన దేశంలో మొదటిది. దాదాపు 4 లక్షల చదరపు అడుగులు. లోపల ఇండ్లకు ఇండ్లే పేర్చి పెట్టారు. చిన్న వంటింటిని ఎంత తెలివిగా సర్దొచ్చో అక్కడ చూసి నేర్చుకోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఒక స్టూలు కొన్నాం, ముక్కలుగా అట్టపెట్టెలో వచ్చింది. ఇంటికొచ్చి అలెన్ కీతో నేను మరలు బిగిస్తుంటే మా ఆవిడ, "పైసలిచ్చి పని గూడ మనమే చేసుకునుడా?" అంది. ఆ స్టూలు ఇప్పటికీ గట్టిగానే ఉంది. కానీ ఆ నమూనా గదుల్లో తిరుగుతున్నంతసేపూ నా కళ్లు వెతికింది ఒక్కటే, బిందె పెట్టే జాగా. ఎప్పుడు తిప్పినా నీళ్లొచ్చే ఊళ్లల్లో పుట్టిన వంటిండ్లవి. వాటికి బిందెతో ఏం పని?

తిరిగొస్తుంటే బస్సులో మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ బిందె సంగతి చెప్పింది.

మా ఆవిడది మక్తల్ వైపు పల్లె. ఆ అమ్మమ్మ, తాత పాలమూరు లేబర్. గుంపు మేస్త్రి చేతిలో అడ్వాన్సు తీసుకుని ఏ రాష్ట్రంలో డ్యాము కడితే ఆ రాష్ట్రం పోయి మట్టి మోసినవాళ్లు. వాళ్ల కాపురమంతా ఒక మూటలో పట్టేది: రెండు గొంగళ్లు, ఒక గంజు, ఒక ఇత్తడి బిందె. కాలువలు తవ్వినవాళ్లే సొంతూరికొస్తే బిందెడు నీళ్ల కోసం చేన్లు దాటి నడిచారు. ఆ బిందెను మూడుసార్లు సేటు దగ్గర కుదువ పెట్టారట, మూడుసార్లు విడిపించుకున్నారట. ఒకసారి కాన్పుకు, ఒకసారి విత్తనాలకు, ఇంకోసారి ఎందుకో మా ఆవిడకు గుర్తులేదు. ఇప్పుడది మా ఇంట్లోనే ఉంది. అడుగున మాటు వేసిన చోట అంగుళమంత రాగి ముక్క ఇప్పటికీ వేరే రంగులో కనబడుతుంది.

అది విన్నాక నోటుబుక్కులోని జాబితా నాకు మరో తీరుగా కనబడింది. ఆ ఇంట్లో నీళ్లు మోసేదీ బిందెనే, కష్టమొస్తే ఆదుకునేదీ బిందెనే. పాతబడ్డా ఇత్తడి కిలో లెక్కన తూకానికి పోతుంది. నేను చేయించుకోబోయే ప్లైవుడ్ అల్మారాను ఏ సేటు కుదువ పెట్టుకుంటాడు? బిగించిన మర్నాటి నుంచే దానికి ధర లేదు.

అయినా చేయించాం. అందరిలాంటివాళ్లమే మేమూ. ప్లైవుడ్ మీద ముద్ర చూడాలని ఎక్కడో చదివాను: ఐఎస్ 303 అంటే కాస్త తేమను ఓర్చుకునేది, ఐఎస్ 710 అంటే నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడనిది. వంటింటికి 710 అని కాగితం మీద రాయించుకున్నాను కూడా. ఏడాది తిరగకముందే సింకు కింది అర పాలల్లో నానిన బ్రెడ్డులా ఉబ్బింది. విప్పి చూస్తే 303. మైకా అంటించాక ముద్ర ఎవరికి కనబడుతుంది గనక? కొత్తగా చేయించుకునేవాళ్లు మైకా వేయకముందే ఒక్కో షీటు ముద్రను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నా పైసలు పోయి వచ్చిన తెలివి ఇది, మీకు ఉట్టిగనే ఇస్తున్నాను.

కర్టెన్లదీ నీళ్ల పంచాయితే. చౌటుప్పల్ మండలం కొయ్యలగూడెం నేతగాళ్ల దగ్గర చిటికి బట్ట తీసుకున్నాం. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు గనక పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. నాకు ఆ చెదిరిన అంచే ఇష్టం. చేనేత నూలుబట్టను కుట్టించకముందే ఒక రాత్రి నీళ్లలో నానేసి ఆరబెట్టాలని అమ్మ చెప్పింది. గృహప్రవేశం తొందరలో మేం వినలేదు. మొదటి ఉతుకుకే కర్టెన్లు జానెడు పైకి లేచాయి. తప్పు బట్టది కాదు, మాదే. అమ్మ మాత్రం ఈ జాబితాల్లో వేటితోనూ సంబంధం లేనట్టు, తన నల్ల గొంగడి తెచ్చి హాల్లో సోఫా పక్కన పరుచుకుంది. దక్కను గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పెట్టి నేసింది. మొదట్లో ఒళ్లు గీరుకుపోతుంది, వాడిన కొద్దీ మెత్తబడుతుంది. మా సోఫా ఉల్టా.

ఇక గద్దె. అది కట్టించే పని అమ్మ తన మీద వేసుకుంది. కిచెన్ పిల్లగాడు వద్దన్నా వినకుండా సింకుకు ఎడమ పక్కన మూడడుగుల జాగా ఖాళీగా ఉంచమంది. సుతారి మేస్త్రిని పిలిపించి, మోకాలికి జానెడు పైకి ఇటుక కట్టు కట్టించి, మీద తాండూరు బండ వేయించింది. ఎత్తు అంతే ఎందుకంటే, నడుము మీది బిందెను వంగకుండా, పైకెత్తకుండా పక్కకు జరిపితే గద్దె మీద కూచోవాలి. స్టీలు బిందెకైతే అడుగు చదునుగా ఉంటుంది, బాధ లేదు. ఇత్తడిదానికి అడుగు గుండ్రం, కుదురు కావాలి. కుదురు బండ మీద జారుతుందని అమ్మ ఒక దారం తీసుకుని, మాటు వేసిన ఆ పాత బిందెను బోర్లించి, అడుగు చుట్టూ కొలిచి, బండ మీద బొగ్గుతో మూడు సున్నాలు చుట్టింది. మేస్త్రి గ్రైండర్ పెట్టి మూడు గుంటలు తొలిచాడు. దుమ్ముకు కిచెన్ పిల్లగాడు ముక్కు మూసుకుని బయటికి పోయాడు. ఒలికిన నీళ్లు సింకు వైపే పారేటట్టు బండను వేలి మందం వాలు పెట్టించింది. ఇన్ని నెలల్లో ఆ బండ మీద చుక్క నిలవలేదు.

మూడు గుంటల్లో ఒకటి నిన్నమొన్నటి దాకా ఖాళీగానే ఉంది. పెండ్లి నాటి స్టీలు బిందెలున్నాయి గానీ అవి అటుక మీదికెక్కాయి. దించి తుడుస్తూ, పానగల్లు మ్యూజియంలో శాసనాలు చదివినట్టు వాటి మీది రాతలు చదివాను. అన్నిటి మీదా ఇచ్చినవాళ్ల పేర్లే: మామ, మేనమామ, బావమరిది, చిన్నాయన. పుచ్చుకున్న పెండ్లికూతురి పేరు ఒక్కదాని మీద కూడా లేదు.

మొన్న ఆదివారం ప్రకాశం బజార్‌లో కొత్త ఇత్తడి బిందె కొన్నాం. దుకాణంలో పేరు చెక్కే పిల్లవాడు బిందెను ఒళ్లో పెట్టుకుని మిషన్ ఆన్ చేశాడు.

"ఎవలిచ్చినట్టు కొట్టాలె సార్?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ముందుకొచ్చింది.

"ఎవ్వలు ఇయ్యలే. నేనే కొనుక్కున్న. నా పేరు కొట్టు."