కాలడం వేరు, మండడం వేరు

ఒకప్పుడు బ్రిటిష్ దండు విడిసిన బళ్లారి కంటోన్మెంటులో సాయంత్రం మిర్చి బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, నిప్పు చేసే పనులకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో తెలుస్తుంది. నూనె కాగుతుంది. మిరపకాయ వేగుతుంది. బండివాడు ఏమరితే మాడుతుంది. మూకుడు అంచు తగిలితే చెయ్యి కాలుతుంది, కొరికినవాడి నోరు మండుతుంది. పొయ్యి ఒకటే, మాటలు ఐదు. ఒకదాని చోట ఇంకొకటి చెల్లదు. పచ్చిమిర్చి తరిగినావిడ 'చెయ్యి కాలింది' అంటే ఇంట్లోవాళ్లు బర్నాల్ కోసం పరుగెత్తుతారు. 'మండుతోంది' అంటే ఆ కంగారు ఉండదు.

కాలినదానికి నష్టం జరిగింది. మండేదానికి మంటైనా ఉండాలి, బాధైనా ఉండాలి. ఇల్లు కాలుతుంది, పొగకు కళ్లు మండుతాయి. కడుపు కాలితే ఆకలి, కడుపు మండితే కోపం. ఈ తేడాను ఏ వ్యాకరణమూ పిల్లలకు నేర్పదు, అయినా నాలుగేళ్ల పిల్ల తప్పు చేయదు. పక్కింటి కన్నడ పిల్లకూ ఈ తేడా తెలుసు. చెయ్యి కాలితే 'సుట్టితు' అంటుంది, మండితే 'ఉరి' అంటుంది.

కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవారి భాష ఇంకా నిక్కచ్చి. ముందు పొయ్యి రాజేయాలి. ఎండుపుల్లలు అంటుకుంటాయి, పచ్చి కట్టె మాత్రం మంట లేకుండా రగులుతూ పొగ చిమ్ముతుంది. ఊదుగొట్టంతో ఊదితేగాని మండదు. మంట తగ్గాక మిగిలేవి నిప్పులు. వాటిమీద పల్చగా తెల్లటి పొర కమ్మితే అది నివురు. నివురు కింద నిప్పు బతికే ఉంటుంది, బూడిద కింద ఏమీ ఉండదు. పొద్దున్నే పొరుగింటికి వెళ్లి పిడక ముక్క మీద నిప్పు తెచ్చుకున్న కాలంలో ఈ రెండు మాటలూ కలగలిస్తే ఆ పూట వంట ఆలస్యమే. గ్యాస్ పొయ్యికి రాజుకోవడం, రగలడం, నివురుగప్పడం లేవు. మీట తిప్పితే మంట, మళ్లీ తిప్పితే లేదు. 'నివురుగప్పిన నిప్పు' ఇప్పుడు రాజకీయ వార్తల్లోనే కనిపిస్తోంది.

పీర్ల పండుగలో మాత్రం ఆ క్రమం ఇంకా కళ్లముందే జరుగుతుంది. ఈ సీమ ఊళ్లలో పీర్ల చావిడి ముందు గుండం తవ్వి మొద్దులు పేరుస్తారు. రాత్రి అవి భగభగ మండుతుంటే చుట్టూ అలాయి ఆడతారు. గుండం తొక్కేది అప్పుడు కాదు. మంట పూర్తిగా దిగి, నిప్పులు కణకణలాడేదాకా ఆగాలి. భగభగ అంటే మంట, కణకణ అంటే నిప్పు. ఈ జంటపదాలను అలంకారాలనుకుంటే పొరపాటు, ఇవి కొలతలు. తోమిన గిన్నె తళతళ, నగ ధగధగ, దూరాన దీపం మినుకుమినుకు.

ఇక వెలుగు, వెలుతురు. దీపానిది వెలుగు, గదిలో ఉండేది వెలుతురు. 'గాలీ వెలుతురూ వచ్చే ఇల్లు' అంటాం. దాగిన నిజం 'వెలుగులోకి' వస్తుంది, వెలుతురులోకి ఎప్పుడూ రాదు. కన్నడంలో వెలుగుకు తోబుట్టువు 'బెళగు'. తెలుగు వకారం అక్కడ తరచూ బకారమవుతుంది: మన వెల వాళ్లకు బెలె. వెన్నెల సంగతి ఇంకా చిత్రం. వెల్ల, నెల కలిస్తే వెన్నెల. అదే అర్థంలో కన్నడం బెళదింగళు అంటుంది. నెలకూ తింగళుకూ రెండు భాషల్లోనూ చంద్రుడు, మాసం అనే రెండర్థాలూ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. ఈ మాటల చుట్టరికం అంతకు ఎంతో ముందుది.

సంస్కృతం నుంచి వచ్చినవాటికీ ఎవరి చోటు వారిదే. కాంతి సంవత్సరం సైన్సుది, తేజస్సు ముఖానిది, జ్యోతి గుడిది. చిక్కంతా పత్రికలతోనే. గడ్డివాము కాలినా, దుకాణం కాలినా వాటికి ఒకటే మాట: 'దగ్ధం'. కాస్త గంభీరంగా రాయాలనిపిస్తే 'అగ్నికి ఆహుతి'. యజ్ఞంలో వేసే నెయ్యికి చెల్లే మాటను ఒక పేదవాడి గుడిసెకు అంటగట్టడం చూస్తే ఒళ్లు మండుతుంది. విలేకరులారా, గుడిసె కాలిందని రాయండి. సరుకు మాడిందా, కమిలిందా, బూడిదైందా చూసి ఆ మాటే వేయండి. చదివేవాడికి నష్టమెంతో అప్పుడే తెలుస్తుంది.